పదిహేనేళ్ళ పెద్దమ్మ

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. జీతం కాగితం మీదా గుర్తింపు కార్డు మీదా తప్ప దానికి ఇంకెక్కడా పనిలేదు. బస్‌స్టాండు పక్క సందులో, కంటి ఆసుపత్రికి ఎదురుగా ఉన్న మూడంతస్తుల లాడ్జిలో పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా కౌంటరు ఆమెది. మెట్లెక్కి వచ్చినవాళ్ళు నోరు విప్పకముందే "కార్డు?" అంటుంది కాబట్టి ఆ సందులో అందరికీ ఆమె కార్డమ్మ. మందుల షాపాయన అలాగే పిలుస్తాడు, టాక్సీవాళ్ళు అలాగే పిలుస్తారు, చివరికి లాడ్జి ఓనరు కూడా అలాగే పిలుస్తాడు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇరవై రెండేళ్ళయ్యాక ఒళ్ళు మండడానికి కూడా ఓపిక ఉండాలి కదా. అదీ లేదు.

కౌంటరు వెనక గోడకు ఒక బోర్డుంది. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి గది ఇవ్వబడదు. సంరక్షకులు వెంట ఉండి అదే గదిలో బస చేసినచో ఇవ్వబడును. గదిలో దిగు ప్రతి ఒక్కరూ అసలు గుర్తింపు కార్డు చూపవలెను. జిరాక్సులు, ఫోనులో ఫొటోలు చెల్లవు. ఇంత పెద్ద అక్షరాలతో రాయించినా ఈ నాలుగు ముక్కలూ చదివిన మహానుభావుడు ఇంతవరకు మెట్లెక్కలేదు. కాబట్టి నాలుగూ ఆమే నోటితో చెప్పాలి, రోజుకు పాతిక ముప్పై సార్లు. ఒకాయన బట్టతల వంచి చూపించి, నన్ను చూస్తే మైనరులా ఉన్నానా అని ఎకసెక్కమాడతాడు. ఇంకొకాయన తన కార్డొక్కటే ఇచ్చి, పక్కనున్నది నా భార్యే, నేను చెబుతున్నాను కదా, మళ్ళీ ఆవిడ కార్డెందుకు అని గొడవ పెట్టుకుంటాడు. మరొకాయన ప్యాంటు జేబులో మరిచిపోయి మూడుసార్లు ఉతికిన కార్డు తీస్తాడు. ఫొటోలో చెవులు తప్ప మనిషి మిగలడు. అందరికీ ఆమె చెప్పేది ఒకటే: "రూలండీ. నేను పెట్టింది కాదు." ఆ మాట ఎన్ని వేలసార్లు అని ఉంటుందో. నిద్రలో కూడా అంటుందని కోడలు నవ్వుతుంది.

కార్డమ్మకు ఒక విద్య వచ్చు. మనిషి చెయ్యి చూసి వయసు చెప్పేస్తుంది. మొహాన్ని నమ్మకూడదంటుంది. జుట్టుకు రంగేసుకుంటారు, పళ్ళు కట్టించుకుంటారు, కానీ చేతులు దాచుకోవడం ఎవరి తరమూ కాదు. కౌంటరు గాజు మీద చెయ్యి పెట్టగానే ఆమె మనసులో ఒక అంకె పడుతుంది. తరవాత కార్డు చూస్తే ఒకటి రెండేళ్ళు అటో ఇటో, అంతే. కానీ ఆ విద్య వల్ల లాడ్జికి కాణీ ఉపయోగం లేదు. రూలు అడిగేది చేతిని కాదు, కార్డుని.

ఇక ఆమె ఇల్లు. రెండు గదులు. ఒకదాంట్లో కొడుకూ కోడలూ ఇద్దరు పిల్లలూ. రెండోదాంట్లో టీవీ, టీవీ ముందు భర్త. బస్సుల షెడ్డులో పనిచేసి నడుము పోగొట్టుకుని వచ్చిన మనిషి, రాత్రీ పగలూ అక్కడ మంచం మీదే. వంటింటికీ స్నానాల గదికీ మధ్య నడవాలో మడత మంచం వేసుకుని ఆమె పడుకుంటుంది. రాత్రి ఎవరు లేచినా ఆమె కాళ్ళు దాటి వెళ్ళాలి. "అమ్మా, కాళ్ళు" అంటాడు కొడుకు. "అత్తయ్యా, కాస్త జరగండి" అంటుంది కోడలు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఇల్లు చిన్నది, అంతే. నాలుగున్నరకు కుళాయి వస్తుంది. లేచి బకెట్లు నింపి, భర్తను మాత్రకు లేపి, కొడుకును షిఫ్టుకు లేపి, కోడల్ని లేపి, పిల్లల్ని లేపలేక లేపి, తాను లాడ్జికి బయలుదేరుతుంది. పెళ్ళైన ఈ ముప్పై ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఆమెను ఒకరు లేపిన రోజు లేదు.

లాడ్జిలో ఆమె వెనక కొక్కేలకు ఇరవై రెండు తాళాలు వేలాడుతుంటాయి. ఏ గదిలో పరుపు మెత్తన, ఏ గదిలో ఫ్యాను చప్పుడు, అన్నీ కంఠతా వచ్చు. ఒక్కదాంట్లోనూ నడుం వాల్చిన పాపాన పోలేదు. మధ్యాహ్నం మూడింటికి కౌంటరు మీద తల వాలిపోతుంటే, చల్లనీళ్ళు మొహాన కొట్టుకుని మళ్ళీ కుర్చీలో కూలబడుతుంది. నిద్ర అమ్మే దుకాణంలో కూర్చుని నిద్రకు మొహం వాచిన మనిషి ఎవరైనా ఉన్నారంటే అది మా కార్డమ్మే.

పంతొమ్మిదేళ్ళ కిందట ఒక సంగతి జరిగింది. దాన్ని ఆమె ఇంట్లో కూడా చెప్పలేదు.

ఒక సాయంత్రం ఒక పిల్ల వచ్చింది. భుజానికి సంచి, చేతిలో హాల్ టికెట్టు. మర్నాడు పొద్దున ఏదో ఉద్యోగం పరీక్ష. కార్డు చూస్తే పద్దెనిమిది నిండడానికి ఇంకా ఆరు రోజులుంది. ఆరంటే ఆరు రోజులు. అప్పటికి కార్డమ్మ ఉద్యోగంలో చేరి మూడేళ్ళు, రూలంటే హడలిపోయే రోజులు. కుదరదమ్మా అంది. పిల్ల బతిమాలలేదు. సరేనండి అని మెట్లు దిగిపోయింది. మర్నాడు పొద్దున డ్యూటీకి వస్తూ బస్‌స్టాండు దాటుతుంటే కుళాయి దగ్గర ఆ పిల్ల కనిపించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం కడుక్కుంటోంది. రాత్రంతా బల్ల మీదే కూర్చుందని చూడగానే తెలిసిపోయింది. ఆ పిల్ల ఇటు తిరిగింది. కార్డమ్మ సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచుకుని గబగబా వచ్చేసింది.

పిల్లకు ఏమీ కాలేదు కదా అని మనసుకు ఎన్నిసార్లు చెప్పుకుందో. పరీక్ష బాగా రాసే ఉంటుంది, ఉద్యోగం వచ్చే ఉంటుంది, ఇప్పుడు పిల్లల తల్లి అయి ఉంటుంది అనుకుంటుంది. అయినా ఎవరైనా చిన్నపిల్ల ఒంటరిగా మెట్లెక్కి వస్తే చాలు, కార్డమ్మ చెయ్యి సంచిలోకి పోతుంది, ఏదో వెతుక్కుంటున్నట్టు. అది సిగ్గు. ఇంకో పేరు లేదు దానికి.

రెండేళ్ళ కిందట లాడ్జికి ఒక యంత్రం వచ్చింది. రాత్రి కౌంటరు ఆయన ఎవరో కుర్రజంటను కార్డులు చూడకుండా లోపలికి పంపడం, వాళ్ళలో అమ్మాయికి పదిహేడే కావడం, పోలీసులు వచ్చి లాడ్జికి పదకొండు రోజులు తాళం వేయడం, ఇదంతా అయ్యాక ఓనరు తెచ్చిపెట్టాడు. కార్డును దాని గాజు మీద పెడితే పుట్టిన తేదీ అదే చదువుకుంటుంది. పద్దెనిమిది నిండితే గది నంబరుతో చీటీ వస్తుంది. నిండకపోతే తెర ఎర్రబడుతుంది. చీటీ లేకుండా తాళం ఇవ్వకూడదు. చీటీ నకలు రోజూ పోలీసు స్టేషనుకు పోతుంది. యంత్రం బిగించిన రోజు ఓనరు ఇద్దరినీ నిలబెట్టి చెప్పాడు: "ఇక మీరు ఎవరి మీదా జాలిపడే పని లేదు. అది చూసుకుంటుంది. ఇంకొక్కసారి తేడా వచ్చిందంటే మాత్రం మర్నాటి నుంచి రానక్కర్లేదు." యాభై ఆరేళ్ళ ఆడమనిషికి ఇంకో కౌంటరు ఎక్కడ దొరుకుతుంది? కార్డమ్మ తలూపింది.

అలాంటి రోజుల్లో, ఒక మంగళవారం మధ్యాహ్నం నాలుగింటికి, ఒక ముసలమ్మ గోడ పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఒక చేతిలో గుడ్డ సంచి, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరులో ఆసుపత్రి ఫైలు. కౌంటరు ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకుని, గాజు మీద అరచెయ్యి ఆనించింది. వేళ్ళ చివర్లు చిన్న చిన్న పోట్లతో గరుకుగా, బొటనవేలి గోరు అరిగిపోయి ఉంది. డెబ్బై ఆరు, అనుకుంది కార్డమ్మ.

"కార్డు?" అంది.

ముసలమ్మ కార్డు తీసి ఇచ్చింది. కార్డమ్మ దాన్ని యంత్రం మీద పెట్టింది. తెర ఎర్రబడింది. వయసు పదిహేనేళ్ళ రెండు నెలలు.

కార్డమ్మ కార్డును కళ్ళకు ఆనేటంత దగ్గరగా పెట్టుకుని చూసింది. ఫొటో ముసలమ్మదే. పేరూ ముసలమ్మదే. పుట్టిన సంవత్సరం మాత్రం నిన్నగాక మొన్నటిది. ఇరవై రెండేళ్ళలో పాతికేళ్ళ వయసు దాచినవాళ్ళను చూసింది గానీ, అరవై ఏళ్ళు దాచిన ఘనురాలిని చూడడం ఇదే మొదలు.

ముసలమ్మకు ఇది అలవాటైన వ్యవహారమే. నవ్వితే నవ్వుకోమ్మా అన్నట్టు కాసేపు ఆగి, సంగతి చెప్పుకొచ్చింది. మూడేళ్ళ కిందట మనవరాలూ తనూ ఒకేరోజు ఒకే కౌంటరులో కార్డులు చేయించుకున్నారట. అక్కడివాడు ఇద్దరి తేదీలూ అటుదిటు ఇటుదటు చేశాడట. మనవరాలికి డెబ్బై మూడేళ్ళని వస్తే బడిలో ఊరుకోలేదు కాబట్టి వెంటనే సరిచేయించారు. ముసలమ్మది అలాగే ఉండిపోయింది. "నా వయసుతో ఎవరికేం పని తల్లీ?" అంది. ఆ మాట ఆమె మామూలుగానే అంది. విన్న మనిషికి మాత్రం మామూలుగా లేదు.

ఆమె బట్టల షాపులకు కాజాలు కుట్టే మనిషి. దర్జీలు చొక్కాలు పంపిస్తే ఇంట్లో కూర్చుని బొత్తాలకు కాజాలు కుట్టి ఇస్తుంది, యాభై ఏళ్ళుగా. కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమకంటికి పొర కమ్మింది. మనవరాలు బడి నుంచి వచ్చి సూదిలో దారం ఎక్కిస్తే తప్ప పని సాగదు. మర్నాడు పొద్దున ఆరింటికల్లా ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో ఉండాలి, ఆపరేషను. వాళ్ళ ఊరి నుంచి మొదటి బస్సు వచ్చేసరికి తొమ్మిదవుతుంది. ముందురోజు రాత్రి ఆసుపత్రిలో చేర్చుకోరు. కూతురు పని మానలేక మర్నాడు మధ్యాహ్నం వచ్చి తీసుకువెళతానంది. ఈ తేదీ పోతే మళ్ళీ నాలుగు నెలలకు గానీ ఇవ్వమన్నారు. నాలుగు నెలలకు ఆ కంట్లో ఏం మిగులుతుందో చెప్పలేమన్నాడట డాక్టరు. అప్పటికే మూడు లాడ్జీలు తిరిగి వచ్చింది. రెండుచోట్ల ఒంటరి ముసలిదానికి ఏదన్నా అయితే ఎవరిది పూచీ అన్నారు. మూడోచోట కార్డు చూసి కడుపుబ్బ నవ్వి, పెద్దవాళ్ళను తీసుకురా పాపా అన్నారు.

కార్డమ్మ నవ్వలేదు. నవ్వు రాలేదు. ఆసుపత్రి ఫైలు తీసి చూస్తే అందులో డెబ్బై ఆరు అని రాసి ఉంది. ఆ ఫైలు యంత్రం గాజు మీద పెడితే యంత్రం గుర్తే పట్టలేదు. కార్డు బోర్లా పెట్టి చూసింది, తుడిచి పెట్టి చూసింది. తల ప్రాణం తోకకు వచ్చింది గానీ ఎరుపు తగ్గలేదు. యంత్రం బిగించినవాడికి ఫోను చేస్తే, కార్డు సరిచేయించుకోవడానికి మూడు వారాలు పడుతుంది మేడమ్ అన్నాడు. ఇక గత్యంతరం లేక ఓనరుకే చేసింది. ఆయన ఎక్కడో పెళ్ళి సందడిలో ఉన్నాడు. మొత్తం విని, "యంత్రం ఒప్పుకుంటే ఇవ్వు. ఒప్పుకోకపోతే నన్నడక్కు" అని పెట్టేశాడు.

ఫోను కింద పెట్టి కార్డమ్మ ముసలమ్మ వైపు తిరిగింది. అన్నేళ్ళుగా నాలుక చివర కాచుకుని ఉన్న మాట ఉంది కదా, రూలండీ, నేను పెట్టింది కాదు అని. అది కూడా ఎందుకో బయటికి రాలేదు.

చెప్పనక్కర్లేకపోయింది. ముసలమ్మ మౌనం బట్టే కనిపెట్టి, ఫైలు కవరులో దూర్చుకుని, కార్డు కోసం చెయ్యి చాపింది. "పోనీలే తల్లీ, నీ ఉద్యోగం నీది. బస్‌స్టాండులో బల్లలుంటాయిగా. ఏ పక్క కూర్చుంటే గాలి తక్కువ కొడుతుందో చెప్పు, చాలు."

కార్డమ్మ చెయ్యి తనకు తెలియకుండానే ఒళ్ళో ఉన్న సంచిలోకి పోయింది, ఏదో వెతుక్కుంటున్నట్టు. వేళ్ళకు తన సొంత కార్డు తగిలింది.

తెర ఇంకా ఎర్రగానే ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో ఒక వరస: సంరక్షకుల వివరాలు చేర్చండి. ఆ వరస ఆమె కొత్తగా చూస్తున్నది కాదు. పిల్లలతో వచ్చిన తండ్రులకూ తల్లులకూ కొన్ని వందలసార్లు నొక్కింది. బోర్డు మీద ఉన్న రూలే. ఇరవై రెండేళ్ళుగా తన తల వెనకే వేలాడుతోంది. పంతొమ్మిదేళ్ళ కిందట ఆ సాయంత్రం కూడా అక్కడే వేలాడుతోంది. ఆ పిల్ల పక్కన ఒక పెద్దమనిషి ఉంటే చాలు, గది ఇవ్వొచ్చు. ఆ పెద్దమనిషి కౌంటరుకు ఇవతల కూర్చున్న తనే కావచ్చని ఆనాడు తట్టలేదు. ఒక్క క్షణం తట్టినా బాగుండేది.

తన కార్డు తీసి యంత్రం గాజు మీద పెట్టింది. ఇన్నేళ్ళలో మొదటిసారి. తెర మీద తన ఫొటో పడింది, దొంగను పట్టుకున్నప్పుడు తీసినట్టు ఉంది. వయసు యాభై ఎనిమిది. సంబంధం ఏమిటని అడిగింది యంత్రం. తండ్రి, తల్లి, అన్న, అక్క, ఇతరులు. ఇతరులు నొక్కింది. వివరం రాయమంటే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పెద్దదిక్కు అని కొట్టింది. ఎరుపు పోయింది. గర్రుమని చీటీ వచ్చింది. గది నూట నాలుగు, ఇద్దరు.

"ఏమైంది తల్లీ?" అంది ముసలమ్మ.

"నువ్వు మైనరువి కాబట్టి నీకో పెద్దదిక్కు కావాలంది పెద్దమ్మా. నేను ఉంటానని రాశాను. ఈ రాత్రికి నేనూ నీ గదిలోనే."

 "నాకు పెద్దదిక్కంటూ లేక నలభై ఏళ్ళు దాటింది" అంది ముసలమ్మ, కార్డు జాగ్రత్తగా లోపల పెట్టుకుంటూ.

ఇంటికి ఫోను చేసి ఈ రాత్రికి రానని చెబితే, ఎత్తిన కోడలు కంగారుగా ఒకటే ప్రశ్న వేసింది: "మరి పొద్దున నీళ్ళు ఎవరు పడతారు అత్తయ్యా?" ఎందుకు రావడం లేదని అడగలేదు. కార్డమ్మ కూడా చెప్పలేదు. నాలుగున్నరకు గంట పెట్టుకోమని చెప్పి ఫోను పెట్టేసింది. కొంచెం కష్టంగానే అనిపించింది. కొంచెం హాయిగానూ అనిపించింది, అందుకు తనను తానే తిట్టుకుంది.

ఎనిమిదింటికి రాత్రి కౌంటరు ఆయన వచ్చి చీటీ చూసి, ఏంటి కార్డమ్మా, నువ్వే గిరాకీవా అని ఇకిలించాడు. ఆమె కొక్కెం నుంచి తాళం తీసుకుని, అతని చేత్తో పుస్తకంలో తన పేరు రాయించింది. రూలు రూలే కదా.

అప్పటిదాకా కౌంటరు పక్క కుర్చీలో కూర్చున్న ముసలమ్మను వెంటబెట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాక తెలిసింది, ఇంతకాలం తాను అద్దెకిచ్చింది ఏమిటో. కుళాయి టపటపా కారుతోంది. ఆ కుళాయి గురించి ఎంతమంది వచ్చి చెప్పారో, అందరికీ చెప్పిస్తానండీ అని చెప్పి ఊరుకుంది. దిండు ఇటుకలా ఉంది. అయినా ఎదురుగా రెండు మంచాలు, వాటికి అటూ ఇటూ ఎవరూ నడవని నేల. అంత జాగా చూసి ఆమెకు ఏం చేయాలో తోచలేదు. ముందు ముసలమ్మ కంట్లో డాక్టరిచ్చిన చుక్కలు వేసింది. ఆమెను గోడవైపు మంచం మీద కూర్చోబెట్టి, స్నానాల గదికి ఎన్ని అడుగులో నడిపించి చూపించింది.

ముసలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ మంచం దగ్గరికి వస్తూ, ఆమె చీర మీద తొడుక్కున్న లాడ్జివాళ్ళ నీలం కోటు మీద వేళ్ళు పోనిచ్చింది. మూడో బొత్తాం దారానికి వేలాడుతోంది. ఎన్నాళ్ళుగానో అలాగే ఉంది. "ఇదేమిటే, ఊడిపోతోంది. విప్పి ఇటివ్వు" అంది. సంచిలోంచి సూదీ దారపుండా తీసింది. దారం ఎక్కించడం వరకే కార్డమ్మ పని. తరవాత అంతా వేళ్ళదే. చూపుతో పనిలేకుండా సూది కిందికీ పైకీ పోతుంటే, పక్క మంచం మీద దిండుకు ఆనుకుని కార్డమ్మ చూస్తూ కూర్చుంది. ముసలమ్మ మనవరాలి సంగతులేవో చెబుతోంది. ఎక్కడి దాకా విందో ఆమెకు గుర్తులేదు. దారం తెంపిన చప్పుడు మాత్రం వినలేదు.

మళ్ళీ తెలివి వచ్చేసరికి నుదుటి మీద ఒక గరుకు చెయ్యి ఉంది. జుట్టు వెనక్కి దువ్వుతోంది.

"లే తల్లీ. ఐదయినట్టుంది. బస్సులు కదులుతున్నాయి."

ఎక్కడున్నదో కార్డమ్మకు ఒక పట్టాన అర్థం కాలేదు. నాలుగున్నర ఎప్పుడు దాటిపోయిందో, కుళాయి ఎప్పుడు వచ్చి పోయిందో. మెడ దాకా దుప్పటి కప్పి ఉంది, అది తాను కప్పుకున్నది కాదు. కాళ్ళ దగ్గర కోటు మడతపెట్టి ఉంది. తనను ఒకరు లేపుతున్నారని అప్పుడు తెలిసింది. ముప్పై ఆరేళ్ళ తరవాత. తెలివి వచ్చినా, ఇంకొక్కసారి పిలుస్తుందేమోనని కదలకుండా కళ్ళు మూసుకునే ఉంది. ముసలమ్మ పిలిచింది.

ఆరింటికి పది నిమిషాలుండగా ఇద్దరూ రోడ్డు దాటారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు గానీ, ఎవరు ఎవరిని దాటిస్తున్నారో చూసేవాళ్ళకు తెలిసి ఉండదు. ఆపరేషను బాగా జరిగింది. మధ్యాహ్నం కూతురు వచ్చి తీసుకువెళ్ళింది. సాయంత్రం ఓనరు వచ్చి చీటీ నకలు చదివి, మైనరు వయసు పదిహేను, వచ్చిన పని కంటి పొర ఆపరేషను, ఇదేమిటన్నాడు. కార్డమ్మ చెప్పింది. యంత్రం ఒప్పుకుందా అన్నాడు. ఒప్పుకుందండీ అంది. అయితే నాదేముంది అని, కుళాయి బాగుచేయించమంటే సరేనని వెళ్ళిపోయాడు. కుళాయి ఇంకా బాగుపడలేదనుకోండి.

ఇంట్లో ఆ పొద్దున నీళ్ళు పట్టేవాళ్ళు లేక నానా హంగామా అయిందట. కోడలు రెండు రోజులు ముభావంగా ఉంది. మళ్ళీ అంతా మామూలే. నడవాలో మంచం, కాళ్ళ మీదుగా రాకపోకలు, నాలుగున్నర, పన్నెండు గంటల కుర్చీ, రూలండీ, నేను పెట్టింది కాదు.

ఆరు వారాలకు ముసలమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి గోడ పట్టుకోలేదు. మర్నాడు పొద్దున ఏడింటికి డాక్టరు కన్ను పరీక్ష చేస్తాడట. నల్లకళ్ళద్దాలు తీసి, కౌంటరు మీదికి వంగి, కార్డమ్మ మొహాన్ని మొదటిసారి తీరిగ్గా చూసింది. "ఎంత నలిగిపోయావే" అంది. సూదిలో దారం తానే ఎక్కించుకుంటోందట. మనవరాలికి పని తప్పిందట.

కార్డు తీసి గాజు మీద పెట్టింది. తెర ఎర్రబడింది. పదిహేనేళ్ళ మూడు నెలలు.

"ఇంకా సరిచేయించుకోలేదా పెద్దమ్మా?" అంది కార్డమ్మ. "మూడు వారాల పనేగా. కూతురితో చెబితే చేయించదూ?"

"చేయిస్తానంది. నేనే వద్దన్నాను." ముసలమ్మ సంచి కౌంటరు మీద పెట్టుకుంది. "సరిచేయిస్తే నువ్వెక్కడ పడుకుంటావే?"

కార్డమ్మ ఒళ్ళోని సంచిలో చెయ్యి పెట్టి, ఈసారి నిజంగానే వెతికి, తన కార్డు తీసి ముసలమ్మ కార్డు పక్కన పెట్టింది.